మూడు డిగ్రీల తేడా

జూన్ 12, శుక్రవారం

గాలింపు ఆపేశారు.

ఆ మాట చెప్పడానికి పవర్‌హౌస్ సూపరింటెండెంట్ స్వయంగా ఇంటికి వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఈతగాళ్ళు నలభై మీటర్ల దాకా దిగారట. ఆనకట్ట దగ్గర లోతు యాభై అయిదు. ఆ కింద ఎవరి చెయ్యి వాళ్ళకే కనబడదు. మునిగిపోయిన పాత అడవి మొద్దులు, వాటి కింద బురద. "ఇంకా దిగమంటే వాళ్ళ ప్రాణాలకే ముప్పు మేడమ్" అన్నాడు. దిగమని నేను అనలేదు. ముప్ఫై ఏళ్ళు ఆ జలాశయం ల్యాబ్‌లో పనిచేసినదాన్ని. ఆ అడుగు ఎలా ఉంటుందో ఆయన నాకు వర్ణించనక్కర్లేదు.

టర్బైన్లు నిన్నటి నుంచి మళ్ళీ తిరుగుతున్నాయి. ఆపిన రోజుల్లో ఊరికి వంతులవారీగా కరెంటు ఇచ్చారు. ఎవరూ గొణగలేదని చెప్పాడు, అది నాకు చేసిన ఉపకారం అన్నట్టు. నీళ్ళు లోపలికి పోయే చోట ఇనుప కమ్మీల తెర ఉంటుంది. దాన్ని రోజూ చూస్తున్నారట. అక్కడ ఏమీ లేదట.

నా కొడుకు ఆరో తేదీ మధ్యాహ్నం గాలి గొట్టానికి గుర్తుగా నీళ్ళ మీద తేలే బోయా తాడు తెగితే కట్టడానికి వెళ్ళాడు. ఒక్కసారిగా ఈదురుగాలి లేచింది. పడవ బోర్లాపడి దొరికింది. లైఫ్ జాకెట్ దాని పక్కనే తేలుతూ దొరికింది, మడత కూడా విప్పలేదు. వాడు దాన్ని తొడుక్కోడు. కింద వేసుకుని కూర్చుంటాడు. "తొడుక్కుంటే ఉక్క, కూర్చుంటే మెత్త" అంటాడు. ఈ విషయంలో వాడితో పోట్లాడని వారం లేదు.

కోడలు మధ్యాహ్నం నుంచి గదిలోంచి బయటికి రాలేదు. పిచ్చుకకి, నాన్న పని మీద దూరం వెళ్ళాడని చెప్పాను. మనవరాలికి ఆ పేరు పెట్టింది వాడే. ఏడేళ్ళకి అంత నోరు ఇంకెవరికీ ఉండదని. ఇవాళ మాత్రం ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. తల ఊపి, వెళ్ళి గుమ్మం దగ్గర చెప్పులన్నీ జతలు జతలుగా వరసలో పెట్టింది. చెప్పించుకోకుండా ఆ పని చెయ్యడం ఇదే మొదలు.

జూన్ 13

వాడు ఇంకా రాలేదు.

జూన్ 15, సోమవారం

పైన 19 డిగ్రీలు. అడుగున 9.

వద్దన్నారు అందరూ. సోమవారం సోమవారమే. ఉద్యోగం మానేసి అయిదేళ్ళయినా సోమవారం కొలత నాదే. ల్యాబ్ ఇప్పుడు నా శిష్యుడి చేతిలో ఉంది. వాడి దగ్గర బటన్ నొక్కితే అంకె చూపించే మీటర్ ఉంది. అయినా తాడుకి కట్టిన సీసా, దాన్లో థర్మామీటర్, ఈ రెండూ చెప్పేదాకా ఎవరికీ నమ్మకం కుదరదు. నాకూ కుదరదు.

పడవ చేపల పెద్దాయనది. జలాశయంలో పంజరాలు కట్టి చేపలు పెంచే కుటుంబాలన్నిటికీ ఆయన పెద్ద. నాకు "డిగ్రీలమ్మ" అని పేరు పెట్టిన ఘనుడు. మావాడి కోసం వారం రోజులూ వీళ్ళ పడవలే తిరిగాయి. టర్బైన్లకి నీళ్ళు తీసుకునే కాంక్రీటు గోపురం దగ్గర పడవ ఆపాడు. తాడు వదిలాను. యాభై అయిదు మీటర్ల తాడు నా చేతుల్లోంచే కిందికి వెళ్ళింది. అడుగు తగిలినప్పుడు చేతికి చిన్నగా తెలుస్తుంది. ఎప్పుడూ తెలిసేదే.

సాయంత్రం పిచ్చుక నా ఒళ్ళో తల పెట్టుకుని అడిగింది. "పైన అంత వెచ్చగా ఉంటే కింద ఎందుకు చల్లగా ఉంది నానమ్మా?"

"వెచ్చటి నీళ్ళు తేలిక. పైన ఉంటాయి. చల్లటివి బరువు. కింద ఉంటాయి. వేసవి అంతా రెండూ కలవవు."

"పోట్లాడుకున్నాయా?"

"లేదు. ఎవరి పొర వాళ్ళది. పై నీళ్ళకి గాలి తగులుతుంది. కింది వాటికి తగలదు. ఉన్న కాస్త ఊపిరీ అయిపోయాక అవి చెడిపోతాయి."

"మరి ఎప్పుడు కలుస్తాయి?"

"చలి వచ్చి పై నీళ్ళు కూడా చల్లబడినప్పుడు."

"అప్పటిదాకా కింద ఉన్నవి పైకి రావా?"

"రావు."

జడ వేస్తుంటే మెడ కదపకుండా కూర్చుంది.

జూన్ 22

పైన 20. అడుగున 9.

ఏటా వసంతంలో, పొరలు కట్టకముందే, అడుగున వేసిన గాలి గొట్టంలోకి కంప్రెసర్‌తో గాలి వదులుతాం. బుడగలు పైకి లేస్తూ నీళ్ళని కలియబెడతాయి. అప్పుడు అడుగు అంతగా చెడిపోదు. ఈ ఏడాది కంప్రెసర్ మరమ్మతుకి వెళ్ళి మే చివరిదాకా రాలేదు. వచ్చేసరికి పొరలు కట్టేశాయి. కట్టాక గాలి వదలకూడదు. పైకీ అడుక్కీ తేడా మూడు డిగ్రీల లోపుకి దిగేదాకా ఆగాలి. ఆ నియమం రాసింది నేను.

అడుగున తొమ్మిది డిగ్రీలు. ఆక్సిజన్ లేదు. అలాంటి చోట ఏదైనా త్వరగా మారదు. ఉన్నది ఉన్నట్టే ఉంటుంది.

జూలై 9

కోడలు నెల తర్వాత ఈ వారమే మళ్ళీ పనిలోకి వెళ్తోంది. పళ్ళ డాక్టరు క్లినిక్‌లో పేర్లు రాసుకుని టైములిచ్చే పని. ఇవాళ త్వరగా వచ్చేసింది. చేతిసంచి కూడా దించకుండా వంటగది గుమ్మంలో నిలబడింది.

"అత్తయ్యా, ఒకటి అడుగుతాను. మీరు కోప్పడకూడదు."

"ముందే అలా అన్నావంటే కోప్పడాల్సిన విషయమే అన్నమాట. అడుగు."

"గాలి వదిలితే కింది నీళ్ళు వేడెక్కుతాయట కదా."

ఎవరు చెప్పారన్నాను. పన్ను పీకించుకోవడానికి వచ్చిన పవర్‌హౌస్ ఎలక్ట్రీషియన్ చెప్పాడట. నోట్లో దూది పెట్టుకుని మరీ చెప్పాడట. దూది పెట్టినా ఆగని నోళ్ళు కొన్ని ఉంటాయి.

"వేడెక్కితే... పైకి వస్తారట."

స్టవ్ ఆపాను. "వేడెక్కుతాయి. నిజమే. దాంతోపాటు అడుగున ఉన్న చెడ్డ నీళ్ళన్నీ ఒక్కసారి పైకి లేస్తాయి. పంజరాల్లో చేపలు ఒక్క పూటలో చచ్చిపోతాయి. కుళాయిల్లో నల్లటి నీళ్ళొస్తాయి. నీ కూతురు తాగే నీళ్ళే అవి. తేడా మూడు లోపుకి దిగాలి. ఇవాళ పదమూడు ఉంది."

"మీరు ఒక్క మాట చెప్తే వదుల్తారు. సూపరింటెండెంట్ గారు మీ మాట కాదనరు."

"అందుకే చెప్పను."

చేతిసంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "ఆ నియమం రాసిన రోజు మీ కొడుకు అడుగున లేడు అత్తయ్యా."

"నియమాలు అలాంటి రోజునే రాయాలి అమ్మాయ్. తర్వాత రాయలేం."

సంచి దించి లోపలికి వెళ్ళిపోయింది. భోజనం చెయ్యలేదు.

నేను చెప్పింది సరైనదే. ఎన్నిసార్లు వెనక్కి వెళ్ళి చూసుకున్నా సరైనదే.

జూలై 10

కోడలు నాతో మాట్లాడటం లేదు. అవసరం ఉంటే పిచ్చుకతో చెప్పిస్తోంది. "పాలు పొయ్యి మీద ఉన్నాయని నానమ్మతో చెప్పు." పాలు నా ఎదురుగానే ఉన్నాయి.

జూలై 18

చేపల పెద్దాయన ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని వరండాలోనే నిలబడ్డాడు.

"మేమందరం కూర్చుని మాట్లాడుకున్నామమ్మా."

"ఏమని?"

"ఈ ఏడాది చేపలు పోతే పోతాయి. గాలి వదిలెయ్యండి. చేపలు మళ్ళీ వేసుకుంటాం. మీవాడు మా పంజరాల తాళ్ళు బిగించని వారం లేదు. అది వాడి డ్యూటీయా? కాదు. దారిన పోతూ బిగించేవాడు."

వెనకున్న ఇద్దరూ నేల చూస్తున్నారు. వాళ్ళలో ఒకడికి కిందటి నెలే పెళ్ళయింది. ఉన్నదంతా ఆ పంజరాల్లోనే ఉంది. ఆ సంగతి నాకు తెలుసని వాడికీ తెలుసు.

"మీ చేపల సంగతి మీ ఇష్టం. ఊరి కుళాయిల సంగతి మీ ఇష్టం కాదు. నా ఇష్టమూ కాదు. టీ తాగి వెళ్ళండి."

పెద్దాయన మెట్ల మీద కూర్చుని టీ తాగాడు. కళ్ళు తుడుచుకుని నవ్వాడు. "మీతో వాదించి గెలిచినవాళ్ళు ఈ భూమ్మీద ఎవరైనా ఉన్నారా డిగ్రీలమ్మా?"

"ఒకడు" అన్నాను. "జాకెట్ విషయంలో."

జూలై 27

పైన 23. అడుగున 9.

సాయంత్రం ఆరింటికి టర్బైన్లు రెండూ తిప్పుతారు. అందరూ ఒకేసారి లైట్లు వేస్తారు కాబట్టి. మా ఇంటి కిటికీ అద్దం అప్పుడు సన్నగా అదురుతుంది. ఇన్నేళ్ళుగా ఆ అదురు వింటున్నాను కానీ వినలేదు. నీళ్ళని అడుగు నుంచే లాక్కుంటాయి అవి. ఇక్కడ ఒక బల్బు వెలిగిందంటే అక్కడ అడుగున ఆ నీరు కదిలింది.

హాల్లో లైటు ఆర్పాను. వంటగదిలో ఒకటి చాలు. స్నానాల గదిలో లైటు పని ఉన్నప్పుడే.

"కరెంటు బిల్లు ఎక్కువొచ్చిందా నానమ్మా?"

"వచ్చింది."

ఒక ఇంటి లైట్లకి ఎన్ని చెంబుల నీళ్ళో లెక్క కట్టగలను. కట్టాను. నవ్వొచ్చేంత తక్కువ. అయినా ఆర్పే ఉంచాను.

ఆగస్టు 3

వాడు ఇంకా రాలేదు.

ఆగస్టు 11

కూరగాయలకని బయల్దేరి వంతెన దాకా వెళ్ళాను. పవర్‌హౌస్ కింద నది మొదలయ్యే చోటు. టర్బైన్లలోంచి బయటపడ్డ నీళ్ళు అక్కడ తెల్లగా నురగలు కక్కుతూ వస్తాయి. ఎండ మండిపోతోంది, ఆ నీళ్ళ మీంచి మాత్రం చల్లటి ఆవిరి లేస్తోంది. కుళ్ళిన గుడ్ల వాసన. ప్రతి ఆగస్టులో ఇది తప్పదు. ఈ ఏడు గాలి వదల్లేదు కాబట్టి మరీ ఎక్కువ. ఒడ్డు రాళ్ళన్నీ తుప్పు రంగుకి తిరిగాయి. వంతెన మీద పోయేవాళ్ళు ముక్కు మూసుకుని గబగబా దాటుతున్నారు. ఒకావిడ నా పక్కన ఆగి, "ఈ కంపు ఎవరికి చెప్పుకోవాలండీ?" అంది. ల్యాబ్‌కి చెప్పమన్నాను.

ఆవిడ వెళ్ళాక మెట్లు దిగి చెయ్యి ముంచాను. థర్మామీటర్ అక్కర్లేదు. తొమ్మిది, తొమ్మిదిన్నర. పొద్దున ఆ నీరు అడుగున ఉంది. వాడి పక్క నుంచి వచ్చింది.

వేళ్ళు కొంకర్లు పోయేదాకా తియ్యలేదు. ఇంటికొచ్చాక పిచ్చుక నా చెయ్యి వాసన చూసి మొహం చిట్లించి, తర్వాత ఆ చెయ్యే పట్టుకుని నిద్రపోయింది. కూరగాయలు తేలేదని రాత్రి భోజనాల దగ్గర గానీ గుర్తు రాలేదు.

ఆగస్టు 12

వంతెన దాకా వెళ్ళాను.

ఆగస్టు 13

వంతెన.

ఆగస్టు 24

పైన 22. అడుగున 9.5.

కోడలు నాతో మాట్లాడింది. "అత్తయ్యా, మీ చేతికి ఏమిటా పుండు?" తాడు ఒరుసుకుపోయిందన్నాను. మందు రాసి కట్టు కట్టింది. ముడి వేస్తూ, "ఇన్నేళ్ళు లేనిది ఇప్పుడే ఒరుసుకుందా?" అంది. తాడు ఇప్పుడు నిదానంగా లాగుతున్నాను. చేతిలో ఎక్కువసేపు ఉంటోంది. అది చెప్పలేదు.

సెప్టెంబరు 14

పైన 18. అడుగున 10.

ఈ ఏడు చలి తొందరపడుతోంది. శాలువా తీయాల్సి వచ్చింది.

టర్బైన్లు అడుగు నీళ్ళు లాగేస్తున్నకొద్దీ పైవి కిందికి దిగుతున్నాయి. పొర పల్చబడుతోంది. ప్రతి ఏడాదీ ఈ రోజుల్లో హాయిగా ఉండేది. పని ముగింపుకొచ్చినట్టు.

సెప్టెంబరు 28

పైన 16. అడుగున 10.5.

పడవలో పెద్దాయన ఉత్సాహంగా ఉన్నాడు. "ఇంకెంత? అయిదున్నరా? మీరు కన్నెర్రజేస్తే ఆ రెండున్నర కూడా దిగిపోతుంది. మీ సంతకం లేందే చలికాలం కూడా రాదు ఈ ఊరికి."

తొందరేమిటన్నాను.

"తొందరే కదమ్మా. మీరు చెప్పిన రోజుకి గాలి వదిలితే నెమ్మదిగా కలుస్తాయి, చేపలకి అలవాటవుతుంది. ఆలస్యమై పెద్ద గాలివాన వచ్చిందా, ఒక్క దెబ్బన తిరగబడతాయి. ఇది మీరే కదా మాకు నేర్పించారు."

నేనే నేర్పించాను.

అక్టోబరు 5

పైన 14.8. అడుగున 11. తేడా 3.8.

అక్టోబరు 12

పైన 14. అడుగున 10.8. తేడా 3.2. ఇంకా సమయం కాలేదు.

పాదరసం పదకొండు దాటి ఒక గీత పైన కనిపించింది. కానీ సీసా పైకి వచ్చేసరికి దారిలో పై నీళ్ళ వేడి కొంత అంటుకుంటుంది. ఆ మేరకు తగ్గించి రాయడం న్యాయం. శాస్త్రం ప్రకారం కూడా సరైనదే. ముప్ఫై ఏళ్ళలో ఆ సవరణ ఎందుకు చెయ్యలేదో తెలియదు. ఇప్పుడైనా మొదలుపెట్టడం మంచిది.

అక్టోబరు 14

శిష్యుడు ఫోన్ చేశాడు. "మేడమ్, నా మీటర్ 2.7 చూపిస్తోంది. మీరు 3.2 ఇచ్చారు."

"అయితే?"

"అయితే ఏముంది మేడమ్. దీనికే ఏదో రోగం వచ్చినట్టుంది. సర్వీసుకి పంపించేశాను."

మంచిపని చేశావన్నాను.

చదువుకునే రోజుల్లో వీడు కొలత ఒక గీత తప్పు రాస్తే మళ్ళీ మొదటి నుంచి చేయించేదాన్ని. సాయంత్రం దాకా నిలబెట్టిన రోజులున్నాయి.

అక్టోబరు 19

పైన 13.4. అడుగున 10.3, సవరించాక. తేడా 3.1.

"ఇవాళ కూడానా?" అన్నాడు పెద్దాయన. నా వైపు చూడలేదు. తెడ్డు వైపు చూసి అన్నాడు.

"వచ్చే వారం చూద్దాం."

"అలాగేనమ్మా."

అక్టోబరు 22

నెలాఖరుకి పెద్ద గాలులుంటాయని రేడియోలో చెప్పారు. రేడియో వాళ్ళు చెప్పినవన్నీ జరుగుతాయా.

వాడి షూ పాలిష్ చేశాను. దుమ్ము పట్టింది. ఇంట్లో ఎవరి చెప్పులకీ దుమ్ము ఉండకూడదు, అంతే.

అక్టోబరు 26, సోమవారం

కోడలు క్లినిక్‌కి సెలవు పెట్టిందట. "ఇవాళ నేనూ వస్తాను అత్తయ్యా" అంది. పడవ చిన్నదన్నాను. ముగ్గురికి సరిపోతుందంది. జాకెట్ తొడుక్కోవాలన్నాను. అప్పటికే తొడుక్కుని ఉంది.

ఆ రోజు తర్వాత అది నీళ్ళ మీదికి రావడం ఇదే మొదలు. గోపురం దగ్గరికి వచ్చేసరికి పడవ అంచు రెండు చేతులా పట్టుకుంది. పెద్దాయన పడవ ఆపాడు. పైన నీళ్ళు కొలిచాను. పదమూడు. తాడు వదిలాను. అడుగు తగిలింది. ఆగాను. లాగడం మొదలుపెట్టాను. మధ్యలో కోడలు కూడా తాడు పట్టుకుంది. ఇద్దరం లాగాం.

సీసా పైకి రాగానే నా చేతిలోంచి తీసుకుంది. మూత తీసి థర్మామీటర్ వెలుతురుకి పెట్టి, పిచ్చుక పాఠం చదివినట్టు పైకే చదివింది.

"పదకొండు. పైన పదమూడు. రెండే కదా అత్తయ్యా."

పెద్దాయన దూరంగా పంజరాల వైపు చూస్తున్నాడు.

"దారిలో వేడెక్కుతుంది. సవరించాలి" అన్నాను.

కోడలు నా మొహం చూసింది. నేను తిట్లకి సిద్ధంగా ఉన్నాను. జూలైలో అన్న మాటకి బదులు మాట ఇవాళ దొరికింది దానికి. ఏదైనా అనొచ్చు. సీసాలో నీళ్ళు పారబోసి, మూత బిగించి, నా ఒళ్ళో పెట్టి, "వెనక్కి తిప్పండి బాబాయ్" అంది.

ఇంటికొచ్చాక నా గదిలోకి వచ్చి మంచం మీద పక్కన కూర్చుంది. లైటు వెయ్యబోతే వద్దన్నాను. వెయ్యలేదు.

"ఎన్ని వారాల నుంచి?"

"మూడోది."

"జూలైలో నాకు ఒకటే గోల, ఆయన్ని చూడాలని. మిమ్మల్ని ఎన్ని శాపాలు పెట్టానో నాకే తెలుసు. ఇప్పుడు నాకూ భయంగానే ఉంది అత్తయ్యా. పొద్దున పడవ ఎక్కేటప్పుడు, ఇంకా నాలుగు డిగ్రీలుంటే బావుండనుకున్నాను."

పక్కనున్న శాలువా తీసి దాని ఒళ్ళో వేశాను.

"కానీ ఆయనకి చలి. సెప్టెంబరు రాకుండానే స్వెట్టర్ ఎక్కడ పెట్టావని ఇల్లంతా తిరిగేవారు. మీకు తెలుసుగా."

నాకు తెలుసు. పుట్టినప్పటి నుంచీ అంతే. దుప్పటి కాస్త తొలిగితే లేచి ఏడ్చేవాడు.

అక్టోబరు 27

పొద్దున్నే సూపరింటెండెంట్‌కి ఫోన్ చేశాను. తేడా రెండు డిగ్రీలు, గాలి వదలండి అన్నాను. రెండు వారాల కిందటే వదలాల్సింది, ఆలస్యం నాది అని కూడా అన్నాను. ఆయన ఏదో అనబోయాడు. పెట్టేశాను.

తర్వాత శిష్యుడికి. "నీ మీటర్‌కి ఏ రోగమూ లేదు. తెప్పించుకో. ఇక సోమవారాలు నువ్వే కొలువు."

"తాడూ సీసా నాకు ఇస్తారా మేడమ్?" అన్నాడు.

"ఇస్తాను. కడిగి ఆరబెట్టి పెట్టుకో. తడిది మడత పెట్టకు."

పదకొండింటికి కంప్రెసర్ శబ్దం మొదలైంది. ఆనకట్ట మీదికి వెళ్ళి చూశాను. గోపురం ముందు నీళ్ళ మీద తెల్లటి బుడగల గీత, సన్నగా, పొడుగ్గా. వాడు ఆ రోజు కట్టడానికి వెళ్ళిన బోయా దాని చివరన ఊగుతోంది. ఎవరో కట్టారు.

అక్టోబరు 30

రేడియో వాళ్ళు చెప్పినట్టే గాలివాన వచ్చింది. కలవడానికి రెండు వారాలు పట్టాల్సిన నీళ్ళు మూడు రోజులు కలిసి, మిగతాది గాలికి ఒక్క రాత్రిలో తిరగబడ్డాయి. చివరి వరసలో ఒక పంజరం చేపలన్నీ పోయాయి. కొత్తగా పెళ్ళయిన అబ్బాయిది. తెల్లటి పొట్టలు పైకి తేలి ఉన్నాయి. వాసన ఇంటిదాకా వచ్చింది.

వెళ్ళాను. అతను బుట్టలకెత్తుతున్నాడు. "ఇది నావల్ల జరిగింది" అన్నాను. "నేను సమయానికి చెప్పలేదు."

అతను చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన అన్నాడు, "తెలుసమ్మా. నా పడవే కదా. ఇంటికి వెళ్ళండి, జల్లు పడుతోంది."

వెళ్ళలేదు. పక్కనే ఉన్న బుట్ట తీసుకుని చేపలు ఎత్తాను. ఎవరూ వద్దనలేదు.

నవంబరు 2, సోమవారం

పైన 11.4. మధ్యలో 11.4. అడుగున 11.4.

ఈ కొలత నాది కాదు. శిష్యుడు ఫోన్ చేసి చదివాడు. మూడుసార్లు కొలిచానన్నాడు.

ఇప్పుడు పైనా కిందా లేదు. అంతా ఒకటే నీరు.

నవంబరు 5

పాలు కాచుతుంటే గేటు చప్పుడైంది. చేపల పెద్దాయన. టోపీ చేతిలో ఉంది. స్టవ్ ఆపాను.

"ఎక్కడ?"

"మా పంజరాల పక్కకే వచ్చాడమ్మా. మావాళ్ళు దగ్గరే ఉన్నారు. ఒంటరిగా వదల్లేదు."

కోడలూ నేనూ వెళ్ళాం. ఒడ్డున పడవలన్నీ ఒక వరసలో ఆపి ఉన్నాయి. మనుషులు పక్కకి తప్పుకుని దారి ఇచ్చారు. టార్పాలిన్ కప్పి ఉంచారు. చూడక్కర్లేదు, మేం గుర్తుపట్టామని పెద్దాయన అన్నాడు. చూడాలన్నాను.

అడుగున ఉన్నది ఉన్నట్టే ఉంటుందని అయిదు నెలలు నాకు నేను చెప్పుకున్నాను. ఆ లెక్క తప్పు.

చొక్కా అదే. నేను కుట్టిన గుండీ ఉంది.

కోడలు స్వెట్టర్ తెచ్చింది. బీరువాలోంచి ఎప్పుడు తీసిందో నేను చూడలేదు. టార్పాలిన్ మెడ దాకా సర్ది, దాని మీద స్వెట్టర్ పరిచింది. చేతులు అటూ ఇటూ ముడుచుకోకుండా సరిచేసింది. అప్పుడు కూర్చుంది. నేనూ దాని పక్కన ఆ తడి మట్టిలోనే కూర్చున్నాను. చాలాసేపటికి ఎవరో మమ్మల్ని లేపారు.

ఇంటికి వచ్చాక పిచ్చుకకి చెప్పాలి. దారంతా ఒక్కో మాటా పేర్చుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది ముందు, ఏది తర్వాత. అది గుమ్మంలో కూర్చుని ఉంది. చెప్పులన్నీ వరసలో ఉన్నాయి, వాడి షూతో సహా.

"పిచ్చుకా, నాన్న..."

"దొరికాడా నానమ్మా?"

నేను పేర్చుకున్న మాటలన్నీ పోయాయి.

"నాకు తెలుసు. అమ్మ అప్పుడే చెప్పింది. స్కూలు తెరవకముందే." నా కొంగు చివర పట్టుకుని మెలితిప్పింది. "నానమ్మకి ఇంకా తెలీదు, నువ్వు చెప్పకు అంది. నేను చెప్పలేదు."

"చెప్పలేదు" అన్నాను. "మాట నిలబెట్టుకున్నావు."

ఆరింటికి కిటికీ అద్దం అదిరింది. పిచ్చుక లేచి హాల్లో లైటు వేసింది. నా వైపు చూసింది. తర్వాత వంటగదిలో, వరండాలో, వాళ్ళ నాన్న గదిలో, ఒక్కొక్కటే అన్నీ వేసుకుంటూ వెళ్ళింది. ఆర్పమని నేను అనలేదు.